తిరుగు ఫ్లైట్ నుంచి వెనక్కి లెక్క వేసుకోండి

స్కూబా డైవింగ్‌లో మొదటి మెట్టయిన ఓపెన్ వాటర్ కోర్సు చేసి ఏడాదిన్నర అయింది, అప్పటి నాలుగు డైవ్‌లు తప్ప మళ్ళీ నీళ్ళలోకి దిగలేదు. ఇప్పుడు ఎనిమిది రోజుల సెలవు దొరికింది, మీరూ మీవారూ విదేశానికి వెళ్ళి డైవ్ చేయాలనుకుంటున్నారు. ఎక్కడికి వెళ్ళాలి, ముందుగా ఏమేం చూసుకోవాలి, ఇన్సూరెన్స్ విడిగా తీసుకోవాలా అని అడిగారు. అన్నీ అడిగేసి చివర్లో మాటవరసకి అన్నట్టు, మీవారికి చిన్నప్పుడు ఆస్తమా ఉండేదని ఒక వాక్యం రాశారు. నేను పద్నాలుగేళ్ళుగా డైవ్ చేస్తున్నాను, అందులో ఆరేళ్ళు ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేశాను. మీరు రాసినదాంట్లో నన్ను ఆపింది ఆ చివరి వాక్యమే. అక్కడినుంచే మొదలుపెడతాను.

ఏ దేశంలోనైనా డైవ్ సెంటర్‌కి వెళ్ళగానే ముందు చేతిలో పెట్టేది మెడికల్ ఫారం. ఆస్తమా, గుండె జబ్బు, మూర్ఛ, షుగర్, చెవి సమస్యలు, ఈమధ్య అయిన ఆపరేషన్లు, గర్భం, ఇలా వరసగా ప్రశ్నలుంటాయి. వాటిలో కొన్నిటికి "అవును" అని పెడితే డాక్టర్ సంతకం లేకుండా నీళ్ళలోకి దించరు. ఆ కౌంటర్ దగ్గర ఏం జరుగుతుందో ఎన్నోసార్లు చూశాను. పెన్ను "అవును" గడి మీద ఒక్క క్షణం ఆగుతుంది. బయట పడవ ఇంజను మోగుతూ ఉంటుంది. మనిషి పక్కనున్నవాళ్ళ మొహం చూసి, "లేదు" గడిలో టిక్కు పెట్టేస్తాడు. డబ్బు కట్టేశాం, ఇంత దూరం వచ్చాం, ఎప్పుడో చిన్నప్పటి సంగతే కదా అనిపిస్తుంది.

ఆస్తమా గురించి అంత పట్టుబట్టడానికి కారణం ఉంది. సముద్రంలో ప్రతి పది మీటర్లకి ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. పది మీటర్ల లోతులో ఊపిరితిత్తుల నిండా పీల్చిన గాలి, పైకి వచ్చేసరికి రెండింతలు కావాలని చూస్తుంది. మామూలుగా అయితే ఊపిరి వదులుతూ వస్తాం కాబట్టి అది బయటికి పోతుంది. శ్వాసనాళాలు బిగుసుకుపోయి గాలి ఎక్కడైనా చిక్కుకుందంటే ఊపిరితిత్తి చిరిగే ప్రమాదం ఉంది. దీనికి పెద్ద లోతులు కూడా అక్కర్లేదు, స్విమ్మింగ్ పూల్ లోతు చాలు. అలాగని చిన్నప్పుడు ఆస్తమా ఉన్నవాళ్ళంతా డైవింగ్ మానుకోవాలనీ కాదు. ఏళ్ళ తరబడి లక్షణాలు లేకుండా, ఊపిరితిత్తుల పరీక్షలు బాగుంటే చాలామందికి అనుమతి వస్తుంది. ఆ మాట మాత్రం డైవింగ్ వైద్యం తెలిసిన డాక్టర్ చెప్పాలి, మీరూ నేనూ కాదు. ఫారం నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ప్రయాణానికి కనీసం రెండు నెలల ముందే ప్రింట్ తీసి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. టికెట్లు ఇంకా కొనలేదన్నారు, మంచిపని చేశారు.

పనిలో పనిగా మీరు కూడా చూపించుకోండి. నలభై అయిదు దాటి, సిగరెట్టో బీపీయో కొలెస్టరాలో ఉంటే మరీను. ఒళ్ళు నీళ్ళలో మునగగానే కాళ్ళలోని రక్తం ఛాతీ వైపు వస్తుంది, గుండె మీద భారం పెరుగుతుంది. ఆ పైన ప్రవాహానికి ఎదురీదడం, కంగారు. డైవింగ్‌లో చనిపోయేవాళ్ళు అనగానే అందరికీ షార్కులు గుర్తొస్తాయి గానీ, గుండె జబ్బు వల్ల పోయేవాళ్ళు చాలామంది ఉన్నారు.

ఇక క్యాలెండర్. అందరూ వెళ్ళే తేదీ నుంచి ప్లాన్ మొదలుపెడతారు. మీరు తిరుగు ఫ్లైట్ నుంచి వెనక్కి రండి. విమానం క్యాబిన్‌లో గాలి పీడనం దాదాపు 1,800 నుంచి 2,400 మీటర్ల ఎత్తున్న కొండ మీద ఉన్నంతే ఉంటుంది. డైవ్‌ల తర్వాత ఒంట్లో మిగిలిన నైట్రోజన్ ఆ తక్కువ పీడనంలో బుడగలు కట్టవచ్చు. డైవర్ల భద్రత కోసం పనిచేసే డాన్ అనే సంస్థ ఇచ్చే సలహా ఇదీ: పైకి వచ్చేటప్పుడు మధ్యలో తప్పనిసరిగా ఆగాల్సిన స్టాప్‌లు అవసరంలేని ఒక్క డైవ్ మాత్రమే చేస్తే కనీసం 12 గంటలు, వరసగా కొన్ని రోజులు డైవ్ చేస్తే కనీసం 18 గంటలు ఆగాకే విమానం ఎక్కాలి. నేను 24 గంటలు పెట్టుకుంటాను. ఆదివారం ఉదయం తొమ్మిదికి ఫ్లైట్ ఉందనుకోండి, శనివారం ఉదయం తొమ్మిదికల్లా నా ఆఖరి డైవ్ అయిపోవాలి. ఆ టైముకి డైవ్ ముగించడం పడవల షెడ్యూల్‌తో కుదరదు కాబట్టి, శుక్రవారంతోనే సరి అనుకోవాలి.

విమానం ఒక్కటే కాదు. ఎత్తైన కొండ రోడ్డు, హెలికాప్టర్ షికారు, హాట్ ఎయిర్ బెలూన్, అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. హవాయీలో ఉదయం డైవ్ చేసి సాయంత్రం సూర్యాస్తమయం చూద్దామని 4,200 మీటర్ల మౌనా కియా శిఖరానికి బయల్దేరేవాళ్ళుంటారు. డైవ్ చేసి 24 గంటలు కాకపోతే పైకి వెళ్ళొద్దని అక్కడ స్పష్టంగానే హెచ్చరిస్తారు. అలాంటి షికార్లు ఉంటే డైవ్‌లకి ముందు పెట్టుకోండి. ఆఖరి రోజు ఊరు తిరగడానికి, బట్టలు ఆరేసుకోవడానికి వదిలేయండి. తడి వెట్‌సూట్ ఎంత బరువుంటుందో ఎయిర్‌పోర్టు తూకం దగ్గర తెలుస్తుంది!

చేరిన రోజు కూడా డైవ్ వద్దు. రాత్రంతా విమానంలో నిద్రలేకుండా, నీళ్ళు సరిగ్గా తాగకుండా వచ్చి మధ్యాహ్నం పడవ ఎక్కడం దేనికి? అంటే మీ ఎనిమిది రోజుల్లో ప్రయాణాలు, ఈ విరామాలు పోగా నాలుగు రోజులు మిగులుతాయి. అందులో మొదటి రోజు రిఫ్రెషర్. ఏడాదిన్నర విరామం తర్వాత ఇది తప్పదు. పూల్‌లోనో, ఒడ్డు పక్కన మూడు మీటర్ల నీళ్ళలోనో మాస్క్‌లోకి నీళ్ళు ఎక్కించి ఖాళీ చేయడం, నోట్లోంచి రెగ్యులేటర్ (సిలిండర్ గాలి పీల్చుకునే పరికరం) తీసి మళ్ళీ పెట్టుకోవడం, బడ్డీతో (జతగా దిగే తోడు డైవర్‌తో) గాలి పంచుకోవడం మళ్ళీ చేయించుకోండి. ముందే మెయిల్‌లో రాసి బుక్ చేయండి. అక్కడికి వెళ్ళాక అడిగితే "పర్వాలేదు, మొదటి డైవ్‌లోనే చూసుకుందాం" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఎక్కడికి అన్న ప్రశ్నకి ఇప్పుడు వస్తున్నాను, ఎందుకంటే జవాబు పై సంగతుల మీదే ఆధారపడి ఉంటుంది. నాలుగు డైవ్‌ల అనుభవానికి కావలసినవి నెమ్మదైన నీళ్ళు, తక్కువ లోతు, చూపు బాగా ఆనడం. ఇండోనేషియాలో కొమోడో, పలావ్‌లో బ్లూ కార్నర్, గలాపగోస్ దీవులు అద్భుతమైన చోట్లే. కానీ అక్కడ ప్రవాహాలు నది వరదలా లాగుతాయి. బ్లూ కార్నర్‌లో అయితే రాతికి కొక్కెం తగిలించుకుని గాలిపటంలా వేలాడుతూ చూస్తారు. వాటిని తర్వాతకి ఉంచుకోండి. కరీబియన్‌లోని బొనేర్‌లో ఒడ్డునుంచే నడుచుకుంటూ దిగవచ్చు, డైవ్ చోట్లకి రోడ్డు పక్కన పసుపు రంగు రాళ్ళు గుర్తులుగా ఉంటాయి. బాలీలో తులంబెన్ దగ్గర లిబర్టీ అనే ఓడ శిథిలం ఉంది. 1942లో టార్పెడో దెబ్బ తిని ఒడ్డుకి చేరి, 1963లో అగుంగ్ అగ్నిపర్వతం పేలినప్పుడు ఒడ్డుమీంచి నీళ్ళలోకి జారిపోయింది. గులకరాళ్ళ తీరం నుంచి కొద్ది దూరంలోనే మొదలవుతుంది, పైభాగం చాలా తక్కువ లోతులో ఉంటుంది. మీ సర్టిఫికెట్ పరిమితి 18 మీటర్లు కాబట్టి కింది భాగం వదిలేసినా తనివి తీరుతుంది.

ఆ 18 మీటర్ల సంగతి గట్టిగా పట్టుకోండి. "నేనున్నాగా, ముప్ఫైకి తీసుకెళ్తా" అనే గైడ్లు దొరుకుతారు. ఈజిప్టులో దహబ్ బ్లూ హోల్‌లో సుమారు 55 మీటర్ల లోతున ఒక రాతి తోరణం ఉంది. మామూలు గాలి సిలిండర్‌తో దాన్ని దాటబోయి చాలామంది ప్రాణాలు పోగొట్టుకున్నారు, ఒడ్డున కొండరాతి మీద వాళ్ళ పేర్ల పలకలున్నాయి. మాల్దీవులలో వినోద డైవింగ్‌కి 30 మీటర్లు దాటకూడదని నియమమే ఉంది.

సీజన్ చూడకుండా టికెట్లు కొనొద్దు. థాయ్‌లాండ్‌లో సిమిలాన్ దీవుల పార్కు మే మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా మూసేస్తారు. చవగ్గా దొరికిందని జూన్‌కి టికెట్ కొని, తర్వాత తల పట్టుకున్నవాళ్ళు నాకు తెలుసు.

ఇన్సూరెన్స్ విడిగా కావాలా అన్నారు. కావాలి. మామూలు ట్రావెల్ పాలసీ తీసి మినహాయింపుల పేజీ చదవండి. స్కూబా అసలు వర్తించదనో, ఫలానా లోతు దాకానే అనో, సర్టిఫికెట్ పరిమితి దాటితే పైసా రాదనో రాసి ఉండవచ్చు. చూడాల్సినవి రెండు: హైపర్‌బేరిక్ చాంబర్‌లో చికిత్స ఖర్చు, అక్కడిదాకా తరలించే ఖర్చు. చాంబర్ అంటే మనిషిని లోపల ఉంచి పీడనం పెంచి ఆక్సిజన్ ఇచ్చే గది. ఎక్కువగా వాడే పద్ధతిలో ఒక్క విడతే దాదాపు అయిదు గంటలు పడుతుంది, ఒక్క విడతతో తగ్గకపోతే మళ్ళీ మళ్ళీ ఇస్తారు. దీవి నుంచి చాంబర్ ఉన్న ఊరికి తీసుకెళ్ళాలంటే విమానం బాగా కిందుగా ఎగరాలి, లేదా లోపల నేలమట్టం పీడనం నిలపాలి. అది టాక్సీ పిలిచినంత తేలిక కాదు. డాన్ లాంటి సంస్థలు ఇచ్చే డైవర్ పాలసీలు వీటికోసమే ఉన్నాయి. పాలసీ నంబరూ అత్యవసర ఫోన్ నంబరూ ఒక కార్డు మీద రాసి, కాపీ మీ డ్రై బ్యాగ్‌లో, ఇంకోటి గదిలో పెట్టండి.

డైవ్ సెంటర్‌ని ఎంచుకోవడానికి రివ్యూలు కొంతవరకే పనికొస్తాయి. చేపలు బాగున్నాయి, స్టాఫ్ నవ్వుతూ మాట్లాడారు, ఇంతే ఉంటుంది. నేను ఒక మెయిల్ రాస్తాను. పడవ మీద ఆక్సిజన్ సిలిండర్ ఉందా, ఎంతసేపటికి సరిపోతుంది? దగ్గరి చాంబర్ ఎక్కడ, ఇప్పుడు పనిచేస్తోందా? ఒక్కో గైడ్‌కి ఎంతమంది? మేం నీళ్ళలో ఉన్నంతసేపూ పడవ మీద ఎవరైనా ఉంటారా? గైడ్‌కి నలుగురి దాకా అయితే సరే, ఎనిమిదిమందిని ఒక్కడే తీసుకెళ్తానంటే నాకు వద్దు. "పనిచేస్తోందా" అని ప్రత్యేకంగా అడగడానికి కారణం, మ్యాప్‌లో ఉన్న చాంబర్లన్నీ రోజూ తెరిచి ఉండవు. జవాబు ఎలా వచ్చిందన్నదే నాకు ముఖ్యం. ఒక చోట నుంచి "మా దగ్గర ఇప్పటిదాకా అలాంటివేం జరగలేదు, టెన్షన్ పడకండి" అని వచ్చింది. అడిగిన నాలుగింట్లో ఒక్కదానికీ జవాబు లేదు. ఆ సెంటర్‌కి వెళ్ళలేదు.

సామాన్ల విషయం క్లుప్తంగా. మొహానికి సరిగ్గా అతికే సొంత మాస్క్, సొంత డైవ్ కంప్యూటర్ (లోతు, సమయం లెక్కగట్టే పరికరం), నీటి మీద నిలబెట్టే గాలిబుడ్డి గుర్తు (దీన్ని అందరూ ఎస్ఎంబీ అంటారు), ఒక విజిల్. మిగతావి అద్దెకి తీసుకోండి. కంప్యూటర్ ఒకరికొకటి ఉండాలి, ఇద్దరికీ ఒకటి పనికిరాదు, ఎందుకంటే ఇద్దరూ ఒకే లోతులో ఉండరు. సొంత రెగ్యులేటర్ ఉంటే అక్కడి సిలిండర్లు డిన్ రకమో యోక్ రకమో (రెగ్యులేటర్ బిగించే అమరికలు రెండు రకాలు) అడిగి అడాప్టర్ పెట్టుకోండి. విడి బ్యాటరీలు, పవర్ బ్యాంకులు చేతి సంచిలో, కత్తి చెక్-ఇన్ సంచిలో. సర్టిఫికెట్ కార్డు, లాగ్ బుక్ ఫోన్‌లో ఫొటోగా కూడా ఉంచండి.

అద్దె పరికరాలను ఎలా చూడాలో ఒకటి చెప్తాను, ఇది పుస్తకంలో చదివి మర్చిపోయేది. సిలిండర్ తెరిచాక రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని నాలుగుసార్లు గట్టిగా పీల్చండి, పీలుస్తూ ప్రెషర్ గేజ్ ముల్లునే చూడండి. ముల్లు 200 బార్ (గాలి పీడనం కొలత) దగ్గర కదలకుండా నిలబడాలి. పీల్చినప్పుడల్లా కిందికి పడి, వదలగానే పైకి లేస్తోందంటే వాల్వ్ పూర్తిగా తెరుచుకోలేదు. ఒకసారి నా సిలిండర్ అలాగే ఉంది. పడవ కుర్రాడు సాయం చేద్దామని వాల్వ్ తిప్పాడు, కాకపోతే తప్పు వైపు. మూసేసి, మళ్ళీ కొద్దిగా తెరిచాడు. పైన గాలి బాగానే వస్తున్నట్టుంది. కింద, గాలి చిక్కబడ్డాక అది చాలదు. ఆ ముల్లు ఊగడం చూసుకోకపోయుంటే పదిహేను మీటర్ల దగ్గర నాకు ఊపిరాడేది కాదు. అప్పటినుంచీ నా వాల్వ్‌ని ఎవరు ముట్టుకున్నా, పడవ అంచున కూర్చున్నాక ఇంకోసారి పీల్చి చూస్తాను. గాలిలో నూనె వాసనో పొగ వాసనో వస్తే ఆ సిలిండర్ వద్దని చెప్పండి, మొహమాటపడొద్దు.

పడవ మీద పేర్లు పిలిచి లెక్క చూస్తారు. మీ పేరుకి మీరే పలకండి. 1998 జనవరిలో ఆస్ట్రేలియా గ్రేట్ బ్యారియర్ రీఫ్‌లో ఒక అమెరికన్ దంపతులను నీళ్ళలోనే వదిలేసి పడవ వెళ్ళిపోయింది. వాళ్ళు లేరన్న సంగతి బయటపడటానికి రెండు రోజులు పట్టింది. వాళ్ళు మళ్ళీ దొరకలేదు. ఎస్ఎంబీ, విజిల్ కొనమన్నది అందుకే. కొనడంతో సరిపోదు, రిఫ్రెషర్ రోజున ఎస్ఎంబీని రెండుసార్లు ఊది పైకి పంపడం సాధన చేయండి. చేతిలో దారం చిక్కుపడితే ఏం చేయాలో అప్పుడే తెలుస్తుంది.

రాత్రుళ్ళు కూడా పడవలోనే ఉండే లైవ్‌అబోర్డ్ గురించి కూడా అడిగారు. మొదటి ట్రిప్‌కి వద్దంటాను. రోజుకి మూడు నాలుగు డైవ్‌లు, అలసట, వద్దనుకున్నా ఒడ్డు దొరకదు. తర్వాతెప్పుడైనా వెళ్తే ఎక్కిన వెంటనే ఒక పని చేయండి: పడుకునే చోటునుంచి బయటికి రెండు దారులున్నాయా, అవి రెండు వేర్వేరు చోట్లకి తేలతాయా చూడండి. 2019 సెప్టెంబరులో కాలిఫోర్నియా తీరంలో అలాంటి పడవకి రాత్రి నిప్పంటుకుని 34 మంది పోయారు. కింద పడకల నుంచి రెండు దారులూ మంటలున్న ఒకే గదిలోకి తెరుచుకున్నాయి, రాత్రి కాపలాకి ఎవరూ మేలుకుని లేరు. బ్యాటరీలు ఎక్కడ చార్జ్ చేస్తారు, రాత్రి ఎవరు మేలుకుంటారు అని అడగడం అతిజాగ్రత్త కాదు.

నీళ్ళలోకి దిగాక మీకు కోర్సులో చెప్పినవే. అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగడం, నిమిషానికి తొమ్మిది మీటర్లకి మించకుండా పైకి రావడం, 50 బార్ మిగిలి ఉండగా పైకి తేలడం. మీ ఇద్దరి మధ్య ఒక ఒప్పందం మాత్రం ముందే చేసుకోండి. ఎవరు బొటనవేలు పైకి చూపినా డైవ్ అక్కడితో అయిపోయినట్టే, నీళ్ళలోనూ పైకి వచ్చాకా "ఎందుకు?" అన్న ప్రశ్న ఉండకూడదు. భార్యాభర్తలు బడ్డీలుగా ఉన్నప్పుడు ఇది మరీ అవసరం. ఒకరి సరదా పాడుచేస్తామేమోనని రెండోవాళ్ళు ఓర్చుకుంటూ ఉంటారు.

జలుబు చేస్తే దిగకండి. ముక్కు విప్పే మందు వేసుకుని దిగితే కిందికి హాయిగానే వెళ్తారు, మందు బలం తగ్గాక పైకి వచ్చేటప్పుడు సైనస్‌లో గాలి చిక్కుకుని ప్రాణం లాగేస్తుంది. పడవలో వాంతుల మాత్రలు నిద్రమత్తు తెప్పిస్తాయేమో ఇంట్లోనే ఒకసారి వేసుకుని చూడండి. మలేరియా ఉన్న చోటుకి వెళ్తుంటే మెఫ్లోక్విన్ కాకుండా వేరే మందు ఇమ్మని డాక్టర్‌కి డైవింగ్ సంగతి చెప్పండి. దాని దుష్ఫలితాలు డీకంప్రెషన్ జబ్బు (ఇందాక చెప్పిన నైట్రోజన్ బుడగల వల్ల వచ్చేది) లక్షణాల్లాగే ఉండి గందరగోళం చేస్తాయి.

ఆ జబ్బు వస్తే ఎలా తెలుస్తుందంటే, చాలాసార్లు చిన్నగానే మొదలవుతుంది. భుజంలో నొప్పి, వేళ్ళలో తిమ్మిరి, ఒంటి మీద మచ్చలు, ఎప్పుడూ లేనంత నీరసం. "బరువు మోశాను కదా, అందుకే" అని సర్దిచెప్పుకుంటాం. నేనూ ఒకసారి అలా సాయంత్రమంతా గడిపాను, నా అదృష్టం బాగుండి అది నిజంగా కండరం పట్టుకోవడమే. డైవ్ అయిన 24 గంటల లోపు ఇలాంటివి కనిపిస్తే వెంటనే చెప్పి ఆక్సిజన్ అడగండి, మీ పాలసీ కార్డు మీదున్న అత్యవసర నంబరుకి ఫోన్ చేయండి. ఆక్సిజన్‌తో తగ్గిపోయినా డాక్టర్‌కి చూపించుకోవాల్సిందే. మళ్ళీ నీళ్ళలోకి దిగితే సర్దుకుంటుందని ఎవరైనా అంటే వినకండి.

ఒకవేళ డాక్టర్ మీవారికి వద్దనే చెబితే ట్రిప్ మానుకోవాల్సిన పనిలేదు. మాల్దీవులలో హనిఫారు బే అనే చోట మే నుంచి నవంబరు మధ్య మాంటా రేలు అనే పెద్ద చేపలు గుంపులుగా ఆహారం కోసం వస్తాయి. అక్కడ సిలిండర్‌తో ఎవరినీ దిగనివ్వరు. ఎంత పెద్ద ఇన్‌స్ట్రక్టర్ అయినా మాస్క్, స్నార్కెల్ పెట్టుకుని నీటి పైనుంచి చూడాల్సిందే. నేనూ అలాగే చూశాను.